నాలుగో నంబరు నోరు మూయించినవాడు

నీళ్ల శుద్ధి కేంద్రంలో కంప్యూటర్ల పని చూసే ఆయన్ని అందరూ పొదుపాయన అనేవారు. పల్లెబడిలో పలక మీద అక్షరాలు దిద్దిన మనిషి నలభయ్యో ఏట ప్రోగ్రాములు నేర్చాడంటే మాటలా! పద్దెనిమిది పంపుల్ని ఒక్క తెర మీదికి తెచ్చాడు. ఇరవయ్యేళ్లలో ఒక్క పూట కూడా నీళ్లు ఆగనివ్వలేదు. అవన్నీ ఒక ఎత్తు, లాగ్‌ని అదుపులో పెట్టడం ఒక ఎత్తు. యంత్రాలు తమ కష్టసుఖాలు రాసుకునే డైరీ లాంటిదది. రోజుకు ముప్పై వేల వరసలు వచ్చేవి. ఆయన నలభైకి దించాడు.

దించమన్నది ఆయన అక్క మొగుడే, అక్కడే క్లోరిన్ గదిలో పనిచేసేవాడు.

“ఏం బావమరిదీ, నీ కంప్యూటర్‌కి మా అత్తగారి పోలికొచ్చిందే! పొద్దస్తమానం నాలుగు, నాలుగు అని ఒకటే సణుగుడు.”

“మా అమ్మ జోలికి రాకు బావా. నోరు మూయిస్తా, చూడు.”

నాలుగో నంబరు హెచ్చరికంటే, క్లోరిన్ గదిలో గ్యాస్‌ని పసిగట్టే పరికరం జవాబివ్వలేదని. తేమ పట్టినప్పుడల్లా మూగబోవడం, మళ్లీ తేరుకోవడం దానికి మామూలే. ఆయన నాలుగుని చిల్లర హెచ్చరికల్లో పడేసి, పెద్దవి మాత్రమే రాయమని ప్రోగ్రాముకు చెప్పాడు. తెర మీద ఎరుపు లేకపోతే గది క్షేమమే అనుకున్నారు ఇద్దరూ.

వానల్లో ఆ పరికరం పూర్తిగా చచ్చింది. కంప్యూటర్ మూడు రోజులు పలకరించినా పలకలేదు. ఆ సంగతి చెప్పే ఒక్క వరసా లాగ్‌లోకి రాలేదు. ఆ మర్నాటి ఉదయం బావ ఎప్పటిలాగే తెర చూసుకుని, ముసుగు లేకుండా, గ్యాస్ కారుతున్న గదిలోకి నడిచాడు.

ప్రాణం దక్కింది గానీ ఊపిరి దక్కలేదు. పది మెట్లెక్కడానికి మూడుసార్లు కూర్చునేవాడు. పొదుపాయన రోజూ వెళ్లి మందులిచ్చేవాడు.

మూడు నెలలకు విచారణాధికారి వచ్చాడు. “లాగ్ శుభ్రంగా ఉంది. ప్రమాదానికి అతని అజాగ్రత్తే కారణం” అని తేల్చాడు. పొదుపాయన కిమ్మనలేదు. పదవీ విరమణకు పదకొండు రోజులే ఉన్నాయి మరి.

వీడ్కోలు సభలో పెద్ద ఇంజనీరు ఆయన ఘనకార్యాలు ఒక్కొక్కటీ చదివాడు. “ముప్పై వేలు నలభైకి!” అనగానే చప్పట్లు మోగాయి. ముందు వరసలో బావ దగ్గుతూనే చప్పట్లు కొడుతున్నాడు. అది చూడలేకపోయాడు పొదుపాయన. లేచి మైకు అందుకున్నాడు.

“ఆ నలభైలో ఉండాల్సిన వరసొకటి నేనే తీసేశాను. అదుంటే మా బావ ఆ గదిలోకి వెళ్లేవాడు కాదు. ఆయన తప్పేం లేదు. అలా రాసుకోండి.”

ఆ సాయంత్రం బావతో పాటు ఇంటి దాకా వెళ్లాడు. అక్క గుమ్మంలోనే నిలబడి ఉంది. సంగతి అప్పటికే చేరింది.

“మూడు నెలలు నా ఇంట్లో కూర్చుని మందులిచ్చావు. ఒక్క మాట చెప్పడానికి నోరు రాలేదట్రా?”

“నేను... అడిగితేనేగా... వాడు...” బావ ఒక్కో మాటకీ గాలి వెతుక్కున్నాడు.

“నువ్వు గోల తగ్గించమన్నావు బావా, అంతే. ఏది తగ్గించాలో తెలియాల్సింది నాకు.”

బావ ఇంకేదో అనబోయాడు. దగ్గు తెర కమ్మింది. అక్క ఆయన్ని లోపలికి తీసుకెళ్లి తలుపు వేసుకుంది.

లోపల దగ్గు ఆగేదాకా పొదుపాయన మెట్ల మీదే నిలబడి విన్నాడు. చాలాసేపు ఆగలేదు.