అంచులో నూట ఇరవై ఏడు

ఈమధ్య కొన్న తువ్వాళ్ళు నీళ్ళు పీల్చుకోవడం లేదు. ఒంటి మీది తడిని ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేరవేసి ఊరుకుంటున్నాయి. ఫిర్యాదు చేసే ఓపిక లేదు. పైగా బట్టల విషయంలో నోరెత్తే హక్కు నేను బెజవాడలోనే పోగొట్టుకున్నాను.

ఆ రోజుల్లో నూలుకి కంట్రోలు. నెలకి ఇంతని ఇచ్చేవారు, అదీ ఇస్తే. నేను లెక్కల్లో బి.ఎ. ప్యాసై, ఉద్యోగం దొరక్క, భవానీపురంలో మగ్గం నేసే మా మేనమామ ఇంట్లో భోజనం చేస్తూ ఉండేవాణ్ణి. (అది కూడా పనే, కాకపోతే జీతం ఉండదు.) ఆ నెల ఒక్క చీరకే నూలు మిగిలింది. గుణదలలో తన చెల్లెలి కూతురి పెళ్ళికి అత్తయ్య కట్టుకోవలసిన చీర అది. తిన్న అన్నానికి ఏదో ఒకటి చెయ్యాలని, "అంచు లెక్క నేను రాసిస్తాను మావయ్యా," అన్నాను.

ఒకటీ సున్నలతోనే సంఖ్యలన్నీ రాసే పద్ధతి ఒకటి కాలేజీలో విన్నాను. రంగు పోగు పైకి తేలితే ఒకటి, కింద దాగితే సున్న. ఆ పద్ధతిలో, తమతోనూ ఒకటితోనూ తప్ప దేనితోనూ భాగం పోని ప్రధాన సంఖ్యలు వరసగా కింది అంచుకి. అలాంటివి రెండేసి హెచ్చవేస్తే వచ్చేవి పై అంచుకి.

"ఇది మళ్ళీ మొదటికి ఎక్కడొస్తదిరా?"

"రాదు మావయ్యా. అదే దీని గొప్ప."

"మరి నాకెట్టా గుర్తుంటది?"

పక్కన కూచుని పన్నెండు రోజులు చదివాను. గొంతు పోయింది. మొదటి రోజే, నూట ఇరవై ఏడు దగ్గర మావయ్య చెయ్యి ఆపాడు. అందులో ఏడూ ఒకట్లే. ముందు సంఖ్య చివరి ఒకటీ, తర్వాతి సంఖ్య మొదటి ఒకటీ కలిపితే వరసగా తొమ్మిది; అంతదూరం రంగు పోగు ఎక్కడా కిందికి దిగి బిగియదు.

"పోగు వేలాడతందిరా. మధ్యలో ఒక సున్న పెట్టనీ."

"పెడితే నూట పంతొమ్మిది అవుతుంది మావయ్యా. ఏడు పదిహేళ్ళు. అది పై అంచుది."

మావయ్య మళ్ళీ మగ్గం మీదికి వంగాడు. "చదువు," అన్నాడు.

పెళ్ళిరోజు అత్తయ్య ఆ చీర కట్టుకుని గడప దాటింది. పై అంచు నడుము దగ్గర దోపులో ఉంది కాబట్టి బతికిపోయింది. కింది అంచులో వేలాడే పోగు కాలి మట్టెకి తగులుకుని, ఒక్క అడుగులో జానెడు అంచు ముడుచుకుపోయింది. నేను చటుక్కున వంగి (ఆవిడకేమైనా అయిందా అని కాదు) చూసి, "నూట ఇరవై ఏడే," అన్నాను, కొంచెం గర్వంగానే.

ఆ కుర్రాడు ఇప్పుడు ఎదురైతే తిట్టను. కూచోబెట్టి మంచినీళ్ళిస్తాను, గొంతు పోయింది కదా, పాపం. ఆ రోజు మాత్రం ఎవరూ ఇవ్వలేదు. అత్తయ్య మట్టె విడిపించుకుని లోపలికెళ్ళి, పాత చీర కోసం పెట్టె మూత ఎత్తుతూ అంది:

"ఇన్ని లెక్కలు తెలిసినోడివి, ఆడాళ్ళకి కాళ్ళుంటాయని తెలవదంట్రా?"