ముల్లు కదలని పెట్టె

ఒళ్ళు మండదా మరి? ఆ అమ్మాయి చదవక ఫెయిలవలేదు, రాయక ఫెయిలవలేదు. మీటరు ముల్లు ఎంత చూపిస్తే అంతే రాసినందుకు ఫెయిలైంది.

తొంభైల చివర్లో నేను దర్శి వైపు ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేదాన్ని. డయోడుకు ఎంత వోల్టేజీ ఇస్తే ఎంత కరెంటు పారుతుందో కొలిచి గ్రాఫు గీయడం ప్రాక్టికల్స్‌లో ఒక ప్రయోగం. వోల్టేజీ ఇవ్వడానికి ఉన్నవి ప్లగ్గు కరెంటుతో నడిచే పాత బ్యాటరీ ఎలిమినేటర్లు. చేలల్లో మోటార్లకు త్రీఫేజు వదిలారా, పక్కనున్న పత్తి జిన్నింగు మిల్లు మొదలైందా, ఇక అంతే సంగతులు. ముల్లు చూస్తుండగానే జారిపోయేది, మళ్ళీ లేచేది. పిల్లలు మాత్రం ఏం చేస్తారు? చూడకుండానే రాసేవాళ్ళు. సీనియర్ల నుంచి వస్తున్న అంకెలు అందరికీ కంఠతా వచ్చు. గ్రాఫు ముచ్చటగా వచ్చేది, మా డిపార్ట్‌మెంటు హెడ్డు గారికి అంతే కావాలి.

ఈ అమ్మాయి ఒక్కతే చూసింది చూసినట్టు రాసింది. వాళ్ళమ్మ మిరపకోతలకు వెళ్ళి చదివిస్తోంది. ప్రాక్టికల్ పాసవకపోతే డిగ్రీ రాదు, డిగ్రీ లేకపోతే బీఎడ్ లేదు. ఈసారీ తప్పితే చదువు మాన్పించి తనతో కోతలకు తీసుకుపోతానంది ఆ తల్లి.

"ముల్లు ఆడుతుంటే పిల్లదేం చేస్తుందండీ?" అని హెడ్డు గారిని నిలదీశాను.

"అందరూ ఏం చేశారో అదే చెయ్యాలమ్మా. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అంటే ఎట్టా?" అన్నాడాయన, తాపీగా పేపరు తిప్పుతూ.

నీ దారిలో నువ్వే పో నాయనా అనుకుని, వోల్టేజీ నిలకడగా ఇచ్చే పెట్టె నేనే కట్టడానికి కూర్చున్నాను. గుంటూరులో రేడియో సామాన్ల కొట్టుకు వెళ్ళి ట్రాన్స్‌ఫార్మరు, కెపాసిటర్లు, వోల్టేజీని ఒకచోట పట్టి ఉంచే మూడు కాళ్ళ ఐసీ తెచ్చాను. పుస్తకంలో లెక్క ప్రకారం కడితే మొదటిరోజే చతికిలబడింది. ఆ పుస్తకం రాసినాయన ఇంటి ప్లగ్గులో ఎప్పుడూ రెండొందల ముప్పై వోల్టులు ఉంటాయి కాబోలు! మిల్లు తిరిగితే మా ప్లగ్గులో సగానికి కాస్త పైన ఉండేది, అంతే. ఐసీ పనిచెయ్యాలంటే అది ఇచ్చే వోల్టేజీ కన్నా దానికి అందేది కొంత ఎక్కువ ఉండాలి. అందుకని ఇంకా ఎక్కువ వోల్టులిచ్చే ట్రాన్స్‌ఫార్మరు వేశాను. అలా వేస్తే కరెంటు నిండుగా ఉన్న పూట ఐసీ ముట్టుకోలేనంత కాలేది. దాని వీపుకు వేడి లాగేసే మందపాటి అల్యూమినియం రేకు బిగించాను.

ఇక మా పిల్లలకు ఒక దిక్కుమాలిన అలవాటు. మోటారు షెడ్డులో కరెంటు వచ్చిందో లేదో చూడాలంటే వాళ్ళ నాన్నలు రెండు వైర్లు తాకించి నిప్పురవ్వ చూస్తారు. వీళ్ళు ల్యాబులోనూ అదే పని. సగం ఎలిమినేటర్లు పోయింది అలాగే. "ఏరా, ఇది మీ చేలో మోటారనుకున్నావా?" అని గొంతు చించుకున్నా, మళ్ళీ వారం మళ్ళీ టక్కు! అరిచి లాభం లేదని, వైర్లు ఎంతసేపు తాకించినా కొద్ది మిల్లీయాంపులు మించి బయటికి రాకుండా ఒక ట్రాన్సిస్టరును కాపలా పెట్టాను. మా ప్రయోగాలకు అంతకన్నా అక్కర్లేదు కూడా.

మిల్లు హోరుమని తిరుగుతుండగా ముల్లు వెంట్రుకవాసి కూడా కదల్లేదు. "అబ్బ, నిలబడింది మేడం!" అని ఆ అమ్మాయి చప్పట్లు కొట్టింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

సప్లిమెంటరీ పరీక్షకు వేరే కాలేజీ నుంచి ఎగ్జామినర్ వచ్చాడు. పెట్టె వాడుకోమంటే మిగతావాళ్ళు "మాకెందుకు మేడం, మా రీడింగులు మాకున్నాయి" అన్నారు. ఆ అమ్మాయి ఒక్కతే దాంతో కొలిచింది. ఆయన కాగితాలన్నీ పక్కపక్కన పరుచుకున్నాడు.

"అందరికీ పాయింట్ మూడు వోల్టుల దగ్గర కరెంటు మొదలైంది. నీకొక్కదానికే పాయింట్ ఆరేంటమ్మా? చెరిపేసి వాళ్ళలాగా రాయి, పాస్ చేస్తా" అన్నాడు దయగా.

ఆ దయ చూసి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అందరూ రాసిన అంకెలు ఒకప్పటి జెర్మేనియం డయోడువి. అది ఎప్పుడో కాలిపోయింది. ఇప్పుడు బల్ల మీదున్నది సిలికాన్‌ది, దాంట్లో కరెంటు మొదలయ్యేదే పాయింట్ ఆరు దగ్గర. ఇన్నేళ్ళూ ఒక్కడూ కొలిచి చూసిన పాపాన పోలేదు. చెబుదామని నోరు తెరిచానో లేదో, పక్కనే నిలబడ్డ హెడ్డు గారు "మీరుండండి మేడం" అని అడ్డుపడ్డాడు.

అమ్మాయి చెరపలేదు. పెట్టెకున్న వోల్టేజీ పెంచే నాబు సున్నాకు తిప్పి, మీటరు ఆయన వైపు జరిపింది.

"మీరే చదవండి సార్. మీరేం చెబితే అదే రాస్తాను."

చదవక చస్తాడా? ఆమె నాబు తిప్పుతుంటే ఆయన ఒక్కో అంకె పైకి చదివాడు. చదివేకొద్దీ గొంతు చిన్నదైంది. ఆమె కాగితం మీదున్న అంకెలే ఆయన నోట వచ్చాయి. ఆమెకు పాస్ మార్కులు వేశాడు. అదే పెన్నుతో మిగతా అందరికీ కూడా వేశాడు, అదీ ఆమెకంటే ఎక్కువగా!

మర్నాడు చూస్తే ల్యాబులో పెట్టె లేదు. హెడ్డు గారు దాన్ని తన గదిలో బీరువాలో పెట్టి తాళం వేశాడు.

"ఎందుకండీ దాచారు?" అని అరిచినంత పని చేశాను.

"బయటుంటే పిల్లలు దాంతో కొలుస్తారమ్మా" అన్నాడాయన.