ఫాల్గుణి ఎక్కడ కూర్చుంది?

ఆ రోజుల్లో నాకు చదవడం కన్నా చదవబోవడం అంటే ఎక్కువ ఇష్టం. కొత్త పుస్తకానికి అట్ట వేయడం, మొదటి పేజీలో వంకరలేకుండా పేరు రాసుకోవడం, టైంటేబుల్ గీసి గోడకు అంటించడం, ఇవన్నీ అయ్యేసరికి సగం పరీక్ష రాసేసినంత తృప్తి కలిగేది. డిగ్రీ పూర్తిచేసి పాశమైలారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో, క్వాలిటీ ల్యాబ్‌లో ట్రైనీగా చేరిన కొత్త. రోజంతా తెల్లకోటు వేసుకుని, గాజు సీసాల ముందు నిలబడి, ఎవరో తయారుచేసిన సరుకులో తప్పులు వెతకడం నా ఉద్యోగం. (మా అమ్మకి ఆ సంగతి వివరించి చెబితే, "ఇంట్ల ఉత్తగనే చేస్తుంటివి గదనే గీ పని, దానికి జీతం గూడ ఇస్తున్నరా?" అని నిజంగానే ఆశ్చర్యపోయింది.)

అదే ల్యాబ్‌లో నా పక్క బల్ల దగ్గర నిలబడే పిల్లను అందరం 'గోదారి' అనేవాళ్లం. వాళ్ల నాన్న అటువైపు నుంచి పెద్ద ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చి సంగారెడ్డిలో ఇల్లు కట్టుకున్నాడు. ఈమె పుట్టిందీ పెరిగిందీ సంగారెడ్డిలోనే, గోదావరిని రైలు కిటికీలోంచి తప్ప చూసి ఎరగదు. అయినా ఇంట్లో మాట్లాడే యాస నోటికి అతుక్కుని ఉండటం వల్ల ఆ పేరు వదల్లేదు. ఒకరోజు మా ఫ్యాక్టరీకి హెడ్డాఫీసు నుంచి ఎంబీఏ చదివిన ఒక మేడం వచ్చింది. మాకంటే నాలుగైదేళ్లు పెద్దదేమో. ఆమె కూర్చోగానే ఏసీ పెంచాలా తగ్గించాలా అని అడిగారు. (మా ల్యాబ్‌లో ఏసీ ఉండేది కానీ అది సీసాల కోసం, మా కోసం కాదు.) ఆమె ఏదో అంటే, ఫ్యాక్టరీలో అందరి నోళ్లూ మూయించే మా అడ్మిన్ మేనేజర్ (ఆయన్ని చాటుగా 'సైలెన్సర్ సార్' అనేవాళ్లం) "యస్ మేడం" అన్నాడు. ఆ మాట మా ఇద్దరి చెవుల్లో పడింది. సాయంత్రం బస్సెక్కేలోపే మేం ఎంబీఏ చదవడం ఖాయమైపోయింది. ప్రవేశ పరీక్ష ఒకటి రాయాలన్నది చిన్న విషయం. ఏ పుస్తకం చదివి రాయాలన్నదే పెద్ద విషయం.

మా చిన్నబావ ఆ పరీక్షను రెండుసార్లు రాసి రెండుసార్లూ తప్పినవాడు కాబట్టి మా ఇంట్లో దాని మీద అధికారం ఆయనదే. అటక మీంచి ఒక గైడు దించి నా చేతుల్లో పెట్టాడు. చేతులు కిందికి దిగిపోయాయి. "ఇది సదివినోడు ఫెయిలైనట్టు సరిత్రల లేదు" అన్నాడు. ("మరి నువ్వు?" అని మా అక్క అడిగితే, "నేను సదివిననని ఎవలు జెప్పిండ్రు?" అన్నాడు.) దానికి మేం 'ఇటుక' అని పేరు పెట్టాం. గోదారి ఎక్కడో జోగిపేటలో తెలిసినవాళ్ల అమ్మాయి దగ్గర్నుంచి హైదరాబాదు కోచింగ్ సెంటరు వాళ్ల రంగురంగుల పుస్తకాల డబ్బా తెచ్చింది. అందులో ప్రతి పేజీ మీదా పాత యజమానురాలి ఆవలింతలు కనిపిస్తున్నట్టుండేవి, గీతలు గీతలుగా. అది చాలదని ఫోనులో ఒక వీడియో సార్. ఏ లెక్కనైనా చిటికెలో చేసి చూపిస్తాడు గానీ, ఆ చిటికె గురించి గంటసేపు మాట్లాడతాడు. ఇవన్నీ కాక పటాన్‌చెరు బస్టాండు దగ్గర పుస్తకాల దుకాణాయన, అడక్కుండానే, ఒక బక్క పుస్తకం చేతిలో పెట్టి "దీంట్ల గింతనే ఉంటది, గానీ అవసరమున్నదే ఉంటది" అన్నాడు. బక్కది చూస్తే మాకు నమ్మకం కలగలేదు. అయినా వదిలిపెట్టి రాబుద్ధి కాలేదు, కొన్నాం.

ఇన్నింట్లో ఏది చదవాలి? సరిగ్గా అక్కడే మా ఉద్యోగబుద్ధి పనిచేసింది. లారీ నిండా ముడిసరుకు వస్తే మేం ప్రతి బస్తా విప్పం. కొన్ని బస్తాల్లోంచి పిడికెడు పిడికెడు తీసి పరీక్షించి, పాసో ఫెయిలో రాసేస్తాం. పుస్తకాలకూ అలాగే శాంపిల్ టెస్టు పెడదామన్నాను. గోదారి ఎగిరి గంతేసింది. ఒక్కో పుస్తకంలోంచి ఒక్కో లెక్క తీయాలి, అది గోదారికి అన్నిటికంటే భయమైన రకం అయ్యుండాలి. అంటే ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో కనిపెట్టే లెక్క. మొదట ఇటుకలోంచి తీశాం.

అక్కడే చిక్కుకుపోయాం. లెక్క చూడ్డానికి చిన్నదే. ఆరుగురు స్నేహితులు ఒకే వరసలో కూర్చున్నారు. అమిత్ ఎడమ చివర, ఫాల్గుణి కుడి చివర. అమిత్‌కీ భావనకీ మధ్య ఇద్దరున్నారు. భావనకు కుడిపక్కనే దీప. చేతన్ భావన పక్కన కూర్చున్నాడు. మిగిలినవాడు ఈశ్వర్. అమిత్‌కీ చేతన్‌కీ మధ్య ఎవరున్నారు? మాకు ఎన్నిసార్లు చేసినా ఈశ్వరే వస్తున్నాడు. వెనక పేజీలో జవాబు చూస్తే ఫాల్గుణి అని ఉంది. అంత లావు పుస్తకం తప్పు చెబుతుందా? తప్పు మా బుర్రల్లోనే ఉందనుకున్నాం. కొన్ని రోజులకు ఆ ఫాల్గుణి నాకు కలలోకి కూడా వచ్చింది. గోదారి మాత్రం నిజంగానే కుంగిపోయింది. మధ్యాహ్నం క్యాంటీన్‌లో పప్పన్నం ముందు పెట్టుకుని కళ్లనీళ్లు తిప్పుకుంది. "నాకు బుర్ర లేదే. ఈ చిన్న లెక్కే రాకపోతే ఎంబీఏ ఏం చదువుతాను? నువ్వు రాసుకో, నేను మానేస్తాను" అంది. ఒక్కదాన్నే వెళ్లే ఎంబీఏ నాకెందుకు?

మర్నాడు పొద్దున కంపెనీ బస్సులో మా ముఖాలు చూసి, స్టోర్స్‌లో పనిచేసే మిక్చర్ అంకుల్ (ఆయన జేబులో మిక్చర్ పొట్లం, నోట్లో సలహా ఎప్పుడూ సిద్ధం) "ఏమైంది బిడ్డా, గట్ల కూసున్నరు?" అని అడిగాడు. చెప్పాను. ఆయన పొట్లం మడిచి జేబులో పెట్టుకుని, "కాయితం మీద ఏం దెలుస్తది? మనుషులను కూసోబెట్టి సూడాలె. మన బస్సుల ఎన్క సీటు ఎందుకున్నది మరి?" అన్నాడు.

నిజమే, బస్సు వెనక సీటు సరిగ్గా ఆరుగురికి సరిపోతుంది. బస్సు కంది ఊరు దాటేసరికి వెనక సీటు ఖాళీ అయింది. (నిద్రపోతున్న ఒకాయన్ని లేపి ముందుకు పంపడానికి కొంచెం గొడవైంది.) గోదారి అమిత్. మిక్చర్ అంకుల్ తనంతట తానే భావన అయ్యాడు. దీప, చేతన్, ఈశ్వర్ ప్యాకింగ్ సెక్షన్ వాళ్లు. ఫాల్గుణికి ఎవరూ దొరకలేదు. చివరికి ఒడిశా నుంచి వచ్చి బాయిలర్ దగ్గర పనిచేసే మీసాల భయ్యాను బతిమాలాం. ఆయన తన గుబురు మీసం ఒకసారి సవరించుకుని, "క్యా కర్నా హై? సిర్ఫ్ బైఠ్నా హై నా?" అని, ఊరికే కూర్చోవడమే కదా అన్నట్టు ఒప్పుకున్నాడు. నేను ఇటుకను రెండు చేతులతో ఎత్తిపట్టుకుని, నడుస్తున్న బస్సులో ఊగుతూ ఒక్కో షరతూ చదవడం మొదలుపెట్టాను.

"అమిత్ ఎడమ చివర!" అనగానే గోదారి ఒక మూలకు, మీసాల భయ్యా ఇంకో మూలకు వెళ్లారు. వెంటనే తగాదా. ఎవరి ఎడమ? కూర్చున్నవాళ్ల ఎడమా, నిలబడి చూసేవాళ్ల ఎడమా? బస్సు రెండు పార్టీలైపోయింది. "కూసున్నోళ్లదే లెక్క!" అని ఒకరు, "అట్లెట్ల? సూసేటోళ్లకు గద కనబడాలె!" అని ఇంకొకరు. ముందు సీట్లలోవాళ్లు మోకాళ్ల మీద వెనక్కి తిరిగి కూర్చున్నారు. బండి నడిపే అన్నను మేం 'పైలట్ అన్న' అనేవాళ్లం. ఆయన అద్దంలోంచి అంతా చూస్తూ, "అరే, నాకు అద్దంల అంత ఉల్టా కొడ్తున్నది! అమిత్ ఏ దిక్కున్నడు జెర చెయ్యెత్తుండ్రి!" అని అరిచాడు. గోదారి చెయ్యెత్తింది. కూర్చున్నవాళ్ల ఎడమే ఎడమ అని పెద్దలు తీర్పు చెప్పాక, అంకుల్ నాలుగో చోట, ఆయన కుడిపక్కన దీప, ఎడమపక్కన చేతన్ సర్దుకున్నారు. గోదారికీ చేతన్‌కీ మధ్య ఒక్క ఖాళీ మిగిలింది. అందులోకి ఈశ్వర్ పాత్రధారి అయిన ప్యాకింగ్ అక్క చీర సర్దుకుని వచ్చి కూర్చుంది.

"మరి బుక్కుల ఫాల్గుణి అని ఎందుకున్నది?" అన్నాను నేను, ఇంకా పుస్తకం వైపే మొగ్గుతూ.

మిక్చర్ అంకుల్ సీట్లోంచి వంగి అవతలి చివర కిటికీకి ఆనుకుని ఉన్న మీసాలను చూపించాడు. "ఫాల్గుణి ఆ మూలకు కూసున్నది గద! ఇంతమందిని దాటి నడుమకెట్లొస్తది? నీ బుక్కే తప్పు బిడ్డా!"

బస్సంతా చప్పట్లు. గోదారి ముఖం ఆ క్షణంలో ఎలా వెలిగిందో చెప్పలేను. "అంటే నాకు బుర్ర ఉందన్నమాట!" అని ప్యాకింగ్ అక్కను కావలించుకుంది. అప్పుడు ఎవరో కిటికీలోంచి చూసి, "అన్నా, ఇది ముత్తంగి గాదే?" అన్నారు. పాశమైలారం వెళ్లడానికి ఇస్నాపూర్ దగ్గర తిరగాలి. ఫాల్గుణి సంగతి తేలే ఆత్రంలో పైలట్ అన్న ఆ మలుపు దాటి తిన్నగా పోనిచ్చాడు.

వెనక్కి తిరిగి, లారీల మధ్య ఇరుక్కుని, చెమటలు కక్కుతూ చేరేసరికి షిఫ్టు మొదలై చాలాసేపైంది. గేటు దగ్గర సైలెన్సర్ సార్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ నెలలోనే మా ఇద్దరి ఉద్యోగాలు ఖాయం చేయాలా వద్దా అని ఆయనే తేల్చాలి.

"ఎందుకు లేటయింది?"

మిక్చర్ అంకుల్‌కు మౌనం చేతకాదు. "ఏం లేదు సార్, ఫాల్గుణి యాడ కూసోవాలె అని చిన్న పంచాయితి పడ్డది."

"ఫాల్గుణి ఎవరు? కొత్త జాయినింగా? ఏ డిపార్ట్‌మెంట్? ఆమెను ముందుకు రమ్మను."

ఎవరూ కదల్లేదు. ఆయన గొంతు పెంచి, "ఫాల్గుణి ఎవరూ?" అన్నాడు. అప్పుడు గుంపు వెనకనుంచి మీసాల భయ్యా, తప్పించుకునే దారిలేక, చెయ్యెత్తి బుద్ధిగా అన్నాడు: "సార్, ఫాల్గుణి మై హూఁ."

గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన మొదట నవ్వాడు. తర్వాత ఎవరూ ఆపుకోలేకపోయారు. ఆ నవ్వుల మధ్యే మిక్చర్ అంకుల్ పుస్తకంలో లెక్క సంగతంతా చెప్పేశాడు. సైలెన్సర్ సార్ మాత్రం నవ్వకుండా, "ఆ బుక్ ఇటివ్వు" అన్నాడు నాతో. ఎండలో నిలబడి లెక్క చదివాడు. గేటు కమ్మీలను వేలితో ఒక్కొక్కటే తాకుతూ ఏదో గొణుక్కున్నాడు. రెండోసారి తాకాడు. వెనక పేజీ తిప్పి చూశాడు. "ఈశ్వర్ కదా రావాలి? ఏం ప్రింట్ చేసిండ్రు వీళ్లు!" అని పుస్తకాన్ని కోప్పడ్డాడు. నా ప్రాణం లేచొచ్చింది. పుస్తకం తిరిగిస్తూ అడిగాడు: "బాగనే ఉంది. అప్లై చేసిండ్రా మరి? లాస్ట్ డేట్ ఇయ్యాలనే గద, మా తమ్ముని బిడ్డ నిన్న చేసింది."

నేను గోదారి వైపు చూశాను. గోదారి నా వైపు చూసింది. అన్ని పుస్తకాలు, డబ్బాలు, వీడియోలు, శాంపిళ్లు చూసిన మేం పరీక్షకు దరఖాస్తు చేయడం మరిచిపోయాం!

ఆయన నెత్తి పట్టుకుని, "నడువుండ్రి లోపలికి" అన్నాడు. తిట్టడానికేమో అనుకున్నాం. తిట్టాడు కూడా, కానీ తిడుతూనే తన కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. ఆ రోజు ఆ సైటు తెరుచుకునేది, మూసుకునేది. తెరుచుకున్నప్పుడల్లా మేమిద్దరం ఒకేసారి "వచ్చింది!" అని అరిచేవాళ్లం, ఆయన ఒక్కసారి కూడా నోరుమూయమనలేదు. ఫొటో కావాలంటే ల్యాబ్ తెల్లగోడ ముందు తెల్లకోట్లతోనే తీయించుకున్నాం. (హాల్‌టికెట్లో మా తలకాయలు తెలుపులో తేలుతున్నట్టు వచ్చాయి. పరీక్ష హాల్లో ఒకాయన నన్ను "డాక్టరమ్మకు ఎంబీఏ ఎందుకు?" అని అడిగాడు.) సాయంత్రం దరఖాస్తు చేరినట్టు కనిపించినప్పుడు గోదారి ఆనందం పట్టలేక సైలెన్సర్ సార్ కాళ్లకు దండం పెట్టబోయింది. ఆయన కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. మర్నాడు బస్సులో ఒక నోటీసు అంటించి ఉంది: 'ప్రయాణ సమయంలో ఎవరి సీట్లో వారే కూర్చోవలెను.' పైలట్ అన్న దాన్ని గౌరవంగా చదివి, "మన మీదనే రాసిండు" అని మురిసిపోయాడు.

మిగిలిన రోజుల్లో పూర్తిచేయగలిగింది బక్క పుస్తకమే కాబట్టి అదే చదివాం. గోదారికి నాకంటే మంచి ర్యాంకు వచ్చింది. ఆమె హైదరాబాదులో రోజూ వెళ్లే కాలేజీలో చేరింది, ఉద్యోగం ఖాయమైన నేను సాయంకాలం క్లాసుల్లో చేరాను. మొదటి రోజు క్లాసులో ప్రొఫెసరు గారు నిర్ణయాలు తీసుకోవడం గురించి చెప్పారు. ఉన్న సమాచారంతో వెంటనే తేల్చుకుని పనిలోకి దిగడమే మేనేజరు లక్షణం అన్నారు. ఎంత బాగా చెప్పారో! కళ్లు చెమర్చేంత నమ్మకంతో తలూపాను. క్లాసవగానే గోదారికి ఫోన్ చేశాను. ఆ సబ్జెక్టుకు ఏ పుస్తకం కొంటే బాగుంటుందో ఇద్దరం ఆదివారాలన్నీ దుకాణాలు తిరిగి ఆలోచించాం. సెమిస్టరు అయిపోయింది గానీ పుస్తకం తేలలేదు. ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడు నేను ఫోను మీద వేలు ఆనిస్తే మర్నాటికి ఏ పుస్తకమైనా గుమ్మంలోకి వచ్చేస్తుంది. పొట్లం విప్పి, బాగుందనుకుని, బల్ల మీద పెట్టి, వేరే పనిలో పడిపోతాను. ఆ రోజుల్లో నాలో ఉన్న పిల్ల అయితే ఆ రాత్రికి అట్ట వేసేది, పేరు రాసేది, నిద్రపట్టక లేచి ఇంకోసారి వాసన చూసేది. ఆమెకు ఏమీ తెలియదని నవ్వుకుంటాను గానీ, ఒక్కోసారి ఆమె మీద కాస్త అసూయ కూడా కలుగుతుంది.