గ్రైండర్ అని రాయమన్నారు

తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, ప్రభుత్వ ఆరోగ్యకార్డుల కౌంటర్ నాది. కార్డు చూసి, వివరాలు కంప్యూటర్‌లో ఎక్కించి, ఉచిత ఆపరేషన్‌కు అనుమతి తెప్పించాలి. దెబ్బలతో వచ్చినవాళ్లకు ప్రమాదం ఎక్కడ జరిగిందో కూడా రాయాలి. చాలాకాలం దాన్ని పట్టించుకోలేదు. తోడు వచ్చినవాళ్లు ఇంట్లో అంటే ఇంట్లో అని టైపు కొట్టేసేదాన్ని. కార్డున్న మనిషికి ఎక్కడ తగిలితే ఏమిటి, వైద్యం అందుతుంది కదా అనుకునేదాన్ని.

ఒకరోజు పొద్దున రేణిగుంట దగ్గరి అట్టపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసే ఒకామెను తీసుకొచ్చారు. నలభై దాటి ఉంటాయి. కుడిచెయ్యి తువ్వాలులో చుట్టి ఉంది. వెంట వచ్చినాయన అక్కడి సూపర్‌వైజర్. ఇంట్లో గ్రైండర్‌లో చెయ్యి పడిందని నాతో చెప్పాడు. చెబుతున్నంతసేపూ నా మొహం చూడలేదు.

వేలిముద్ర కోసం ఆమె మంచం దగ్గరికి వెళ్లాను. చీర కుచ్చిళ్లకు అట్టపొడి, మోచేతి దాకా మిషన్ నూనె. ఇది గ్రైండర్ పని కాదని తెలిసిపోయింది. పక్కన కూర్చుని, యాడ జరిగిందమ్మా అని అడిగాను.

"ఫ్యాక్టరీ అని రాస్తే ఆపరేషన్ చెయ్యరంట గదా మేడం," అంది.

డాక్టరు గారిని అడిగొచ్చాను. కాగితం కోసం ఆపరేషన్ ఆపేది లేదన్నారు. ఆ మాటే ఆమెకు చెప్పాను. ఖర్చు కార్డుదా, ఫ్యాక్టరీదా అన్నది తర్వాత తేల్చుకుంటారన్నాను. ఇంకో మాట కూడా చెప్పాల్సి వచ్చింది.

"రేపు ఈ చెయ్యి ముందు మాదిరి పని చెయ్యకపోతే, దానికి కార్డు జవాబు చెప్పదమ్మా. ఫ్యాక్టరీనే చెప్పాల. ఇంట్లో అని రాసినామంటే వాళ్లను అడిగేదానికి నీకు దారుండదు."

 ఆమె మెల్లగా చెప్పింది. సూపర్‌వైజర్‌ది వాళ్ల ఊరే. భర్త పోయినాక ఆ పని ఇప్పించింది ఆయనే. నిజం రాస్తే ఆయన ఉద్యోగం పోతుంది.  నువ్వు ఏది చెబితే అది రాస్తానన్నాను.

ఆయన కర్టెన్ అవతలే నిలబడి ఉన్నాడు. లోపలికి వచ్చాడు.

"జరిగిందే రాయండి మేడం. మిషన్‌కు అడ్డం ఉండే రేకు ఊడిపోయి నెలయింది. నేను సూసినాను. సంతకం పెడతాను." ఆమె వైపు తిరిగి, "నా సంగతి నేను సూసుకుంటాలే అక్కా," అన్నాడు.

ఆమె కళ్లు మూసుకుని తలూపింది. అలాగే రాశాను.

ఆపరేషన్ ఆరోజే అయింది. రెండు వేళ్లు దక్కలేదు. ఖర్చు ఫ్యాక్టరీ భరించాలని కార్డువాళ్లు ఫైలు తిప్పి పంపితే మా మేనేజర్ నన్ను గట్టిగానే మందలించాడు. ఫ్యాక్టరీవాళ్లు మొదట కాదన్నారు. సూపర్‌వైజర్ సంతకం చూశాక కాదనలేకపోయారు. లేబర్ ఆఫీసు చుట్టూ ఏడాదికి పైగా తిరిగాక ఆమెకు వైద్యం ఖర్చులూ, పరిహారమూ వచ్చాయి. ఇప్పుడు ఆ ఫ్యాక్టరీలోనే తయారైన పెట్టెలు సరిచూసే పనిలో ఉంది.

కార్డున్నా లేకున్నా అందరికీ వైద్యం అందే రోజు వస్తుందంటున్నారు. రావాలనే నా కోరిక. పేరు కనుక్కోకముందే కుట్లు వేసే ఆసుపత్రి కంటే మంచిదేముంటుంది? అయితే వైద్యం ఊరికే అందుతోంది కదా అని, ఊడిన రేకు గురించి అడిగేవాళ్లు లేకుండా పోతారేమోనని ఒక భయం. ఇన్నాళ్లూ అడగకుండా రాసినదాన్ని కనుక ఆ భయం నాకు తెలుసు.

సూపర్‌వైజర్‌ను నాయుడుపేట గోడౌన్‌కు మార్చారు. ఆయన పోలేదు, మానేశాడు. ఇప్పుడు అలిపిరి దగ్గర ఆటో నడుపుతున్నాడు. మొన్న ఆయన ఆటోనే ఎక్కాను. సంతకం పెట్టినందుకు బాధపడ్డారా అని అడగాలనుకున్నాను. చివరికి పిల్లల చదువుల గురించి అడిగాను. పెద్దది నర్సింగ్‌లో చేరిందన్నాడు. దిగేదాకా ఆ అమ్మాయి ముచ్చట్లే చెప్పాడు.