ఉప్పుటేరు మొగ దగ్గర ఇసుకలో మా వదిన నడక

మా వదిన కరుణమ్మ తాడేపల్లిగూడెంలో నర్సు. చుట్టుపక్కల ఊళ్లకి వెళ్లి పురుళ్లు పోయడం ఆమె పని. పోయిన వానాకాలంలో ఆమె ఎక్కిన జట్కా కాలవగట్టు మీద తిరగబడి కుడికాలు విరిగింది. ఎముక అతుక్కుంది, కట్టు విప్పేశారు, బాగా నడవమని డాక్టరుగారు చెప్పారు. అయినా ఆమె వసారా మెట్లు దిగడం మానేసింది. వేసవి దాటేలోగా పనిలో చేరకపోతే ఇంకొకరిని పెట్టుకోవలసి వస్తుందని ఆసుపత్రివారు కబురు చేశారు. నేను ఏలూరులో ఆడపిల్లల బడిలో పాఠాలు చెబుతాను. మార్చి నెలలో పది రోజులు సెలవు దొరికితే గూడెం వెళ్లాను. వదిన కుర్చీలో కూర్చుని కందికాయలు ఒలుస్తోంది. ఆ చేతుల్ని అలా చూడలేక, "సముద్రం చూసొద్దాం రండి వదినా" అన్నాను. మా అన్నయ్య ఒప్పుకోలేదు. "బాగున్న కాళ్లకే ఇసుకలో నడవడం కష్టం. అక్కడ పడితే ఏం చేస్తావు?" అని వదిననే అడిగాడు. ఆమె కందికాయలు పక్కన పెట్టి, "ఇసుకలో పడితే మెత్తగానే పడతాను కదండీ" అంది. అన్నయ్య నవ్వాడు. అలా బయలుదేరాం.

మాలాగే వెళ్లాలనుకునేవారికి దారి చెబుతాను. గూడెంలో ఉదయం పాసింజరు ఎక్కితే ఎండ ముదరకముందే ఏలూరులో దిగవచ్చు. ఆ రోజు మా ఇంట్లో ఆగి, మర్నాడు తెల్లవారుజామున ఎడ్లబండిలో కొల్లేటి ఒడ్డుకి వెళ్లాం. జట్కా తొందరగా వెళ్తుంది గాని వదిన దాని వంక చూడనైనా చూడలేదు. ఒడ్డున సత్తెయ్య అనే పడవవాడు మాకోసం కాచుకుని ఉన్నాడు. ఎండుచేపలు కొనడానికి సరస్సు దాటి, ఉప్పుటేటి మీదుగా సముద్రం దాకా వెళ్లే మనిషి. రానూపోనూ, దారిలో వంటతో సహా, ఇద్దరికీ అయిదు రూపాయలకి ఒప్పుకున్నాడు. మార్చి దాటితే సరస్సులో నీరు తగ్గి పడవ బురదలో కూరుకుపోతుందట. కాబట్టి వెళ్లదలచినవారు ఆలస్యం చేయకండి.

కొల్లేరు గురించి విన్నాను గాని అంత ఉంటుందనుకోలేదు. పడవ వెళ్తుంటే ముందున్న నీళ్లన్నీ ఒక్కసారిగా పైకి లేచినట్టయింది. అవి బాతులు. ఒక లంక ఊరి దగ్గర తాటిచెట్ల మట్టల మధ్య పెద్ద పెద్ద పుల్లల గూళ్లు, ఒక్కో చెట్టుకి మూడు నాలుగు. వాటి మీద సంచిలాంటి గొంతుతో గూడబాతులు. పిల్ల తల్లి గొంతులోకి తల మొత్తం దూర్చి చేప తింటోంది. "అమ్మో, మింగేస్తుందేమో" అని నేను లేచి నిలబడితే పడవ ఒరిగింది. "కూకోండమ్మగారూ, అది దాని అన్నం తింటంది. మనం నీళ్లలో పడతాం" అన్నాడు సత్తెయ్య గెడ వేస్తూనే. ఊరివాళ్లు ఆ పక్షుల జోలికి వెళ్లరని, వాటి రెట్ట పడిన నేలలో వరి బాగా పండుతుందని చెప్పాడు. వదిన పడవ అంచు పట్టుకుని కూర్చుని కళ్లార్పకుండా చూసింది. చాలా రోజుల తరువాత ఆమె ముఖంలో ఉత్సాహం కనిపించింది.

రాత్రి పడవలోనే పడుకుని, పోటు వెనక్కి తీసే పాటు వేళ చూసుకుంటూ ఏటివెంట దిగాం. మర్నాడు మధ్యాహ్నానికి గాలిలో ఉప్పు తగిలింది. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర సత్తెయ్య పడవ కట్టాడు. అక్కడ నాలుగు గుడిసెలున్నాయి. పోలమ్మ అనే జాలరామె మాకు చింతకాయ వేసి చేపల పులుసు వండిపెట్టింది. డబ్బులిస్తే తీసుకోకుండా, వదిన కాలు చూసి, "మీరు ఆ దిబ్బలెక్కకండమ్మా. ఏటివారనే తిరగండి" అంది. ఆ సాయంత్రం వదిన చేతికర్ర ఆనించి, రెండో చేత్తో నా భుజం పట్టుకుని గుడిసెల వెనక నుంచి చిన్న దిబ్బ ఎక్కింది. ఎంతో దూరం కాదు. బాలబంది తీగ ఇసుకంతా అల్లుకుని ఊదాపూలు పూసింది. ఎర్రపీతలు మా అడుగు పడకముందే కన్నాల్లోకి పారిపోతున్నాయి. పైకి చేరాక ఒక్కసారిగా సముద్రం కనిపించింది. నా భుజం మీద వదిన చెయ్యి బిగిసింది.

కొండలున్న తీరాల్లో సముద్రం ఒడ్డున రాతిగోడలుంటాయంటారు. మనవైపు గోడలన్నీ ఇసుకవే. మొగ నుంచి తీరం వెంట ఒక మైలు దూరాన అలలు దిబ్బని నిలువుగా కోసేశాయి. మనిషెత్తు గోడ, దాని కింద వెడల్పైన తడి ఇసుక. మర్నాడు తెల్లవారగానే సత్తెయ్య మా ఇద్దరినీ తీగల మధ్య దారిన మెల్లగా అక్కడికి తీసుకెళ్లి, చేపల బేరానికి వెనక్కి వెళ్లాడు. వదిన గొడుగు వేసుకుని పైన కూర్చుంది. నేను కిందికి జారి గవ్వలు ఏరుతున్నాను. గోడ మొదట్లో ఇసుక కదిలింది. మొదట పీత అనుకున్నాను. చిన్న నల్లటి తల, తరువాత రెక్కల్లాంటి చేతులు. తాబేలు పిల్ల. దాని వెనక ఇంకొకటి, ఆపైన గుంపు. ఇసుక ఉడుకుతున్నట్టు పైకి వస్తున్నాయి. ఎక్కడి నుంచి చూశాయో, కాకులు వచ్చి వాలాయి.

నేను పమిట విసురుతూ అటూ ఇటూ పరుగెత్తాను. ఇటు తోలితే అటు వాలుతున్నాయి. నా కళ్లముందే ఒక పిల్లని ఎత్తుకుపోయాయి. "సుగుణా, ఉండు, వస్తున్నా" అని పైనుంచి వదిన కేక. నేను తలెత్తేసరికి ఆమె గొడుగు, కర్ర కిందికి పడేసి, కాళ్లు చాపి కూర్చుని గోడ మీదినుంచి జారుతోంది. ఇసుకతో సహా దిగి వచ్చి బోర్లా పడింది. నేను పరుగున వెళ్లాను. ఆమె మోచేతుల మీద లేచి, "మెత్తగానే ఉందే" అంది, నోట్లో ఇసుక ఉమ్ముతూ. తరువాత గొడుగు అందుకుని పిల్లల మీద పట్టుకుని, వాటి నడకతో పాటు నడిచింది. రెండో చేత్తో కర్ర ఊపి కాకుల్ని అదిలిస్తోంది. ఒక గుంపుని నీళ్లలో దింపి రావడం, ఇంకో గుంపుకి నీడ పట్టడం. పురిటిమంచం దగ్గర మాట్లాడే గొంతుతోనే, "రండమ్మా, ఇంకొంచెమే, అయిపోయింది" అంటోంది. చివరి పిల్లని అల వచ్చి ఎత్తుకెళ్లినప్పుడు ఇద్దరం చిన్నపిల్లల్లా నవ్వుకున్నాం.

అప్పుడు చూశాను, తడి ఇసుక సగానికి తగ్గింది. పోటు ఎక్కుతోంది. గోడ ఎక్కుదామంటే పట్టు దొరక్క ఇసుక జారిపోతోంది. గోడ కిందుగా మొగ దాకా నడవడం ఒక్కటే దారి. నేను పరుగెత్తి సత్తెయ్యని పిలుచుకొస్తానన్నాను. "నువ్వు వచ్చేలోగా ఇక్కడ నీళ్లుంటాయి. పద" అంది వదిన. తడి ఇసుక గట్టిగా ఉండడంతో కర్ర దిగబడలేదు. ఆమె అడుగు చిన్నది గాని ఆగలేదు. ఒకచోట అలలు అప్పటికే గోడని తాకుతున్నాయి. అక్కడ నిలబడిపోయింది. "భయమేస్తోంది సుగుణా" అంది. "నాకూ వేస్తోంది వదినా" అన్నాను. అల వెనక్కి తీసేదాకా ఆగి, చెయ్యీ చెయ్యీ పట్టుకుని మోకాలి లోతు నురగలో దాటేశాం. ఆవల గోడ పల్లమైంది, గుడిసెలు కనిపించాయి. సత్తెయ్య ఎదురు పరుగెత్తుకొచ్చి, "మంచం తెప్పించి మోయించమంటారా అమ్మగారూ?" అన్నాడు. "ఇంత దూరం వచ్చి ఇప్పుడు మంచమెందుకయ్యా" అని వదిన అతన్ని దాటి నడిచింది. పోలమ్మ మమ్మల్ని చూసి చివాట్లు పెట్టింది, ఆ తరువాత వేడినీళ్లు పెట్టింది.

ఆ సాయంత్రానికి కాలు వాచింది. వదిన తనే గుడ్డ చుట్టుకుంది. తిరుగు ప్రయాణంలో పడవ ఆకివీడు దగ్గర దిగి రైలెక్కితే, భీమవరం, నిడదవోలు మీదుగా గూడెం చేరవచ్చు. మేం అలాగే వచ్చాం. కాలు పూర్తిగా బాగుపడిందని చెప్పను. ఇప్పటికీ కాస్త కుంటుతుంది. కాని వేసవి దాటకముందే దగ్గర ఊళ్లకి వెళ్లడం మొదలుపెట్టింది. దూరపు ఊళ్లకి బండి కట్టించుకుంటుంది.

నడకకి కొండలే ఎక్కాలని, బలమైన కాళ్లే కావాలని నేనూ అనుకునేదాన్ని. ఆ తీరంలో మాకంటే నిదానంగా నడిచేవి నీళ్లు చేరడం చూశాక ఆ మాట అనను. కాళ్లలో బలం తక్కువున్నవారు, ఒడ్డు దిగడానికి జంకేవారు తప్పక వెళ్లండి. తడి ఇసుక మీద ఉదయం పూట నడవండి. ఒక్కటి మాత్రం మరిచిపోకండి. పడవ దిగగానే దారి ఎటని అడిగేముందు, పోటు ఎప్పుడు వస్తుందో అడగండి. మేం అడగలేదు.