విలాయతి రికార్డు, చెల్లె అప్పగింతలు

పాట వినాలంటే ఎవరో ఒకరు నోరు విప్పాలి, లేదా డప్పు మోగాలి, ఆ రెండూ లేకపోతే హోటల్లో ఒక చాయ్ చెప్పి రేడియో ముందు గంటసేపు కూర్చోవాలి. మా పాలమూరులో ఆ రోజులు అట్లా గడిచేవి. అటువంటి ఊళ్లో సొంతంగా గ్రామఫోను ఉన్నవాడంటే ఎంత గొప్పో మీరే ఊహించుకోండి. ఆ గొప్ప నాకు ఇరవై ఏళ్లకే పట్టింది. తాలూకా కచేరీలో నకళ్లు రాసే నౌకరీ కొత్తగా దొరికిన రోజుల్లో, బదిలీ మీద పోతున్న ఒక పెద్ద అధికారి తన సామానంతా వరండాలో పరిచి హర్రాజు వేయించాడు. అందరూ కుర్చీల మీద, మంచాల మీద పడితే నేను ఇత్తడి గొట్టం గ్రామఫోను మీద, దానితో పాటు వచ్చే చెక్కపెట్టెడు రికార్డుల మీద పడ్డాను. (నాకు పోటీగా ఒక్కడూ నోరెత్తనప్పుడే అనుమానపడవలసింది.)

ఇంటికి తెచ్చి పెట్టె తెరిస్తే అన్నీ విలాయతి రికార్డులే. నేను చదివింది ఉర్దూ బడిలో, ఇంగ్లీషు నాకు సంతకం వరకే వచ్చు. రికార్డు మధ్యలో అతికించిన గుండ్రటి కాగితం మీద ఏం రాసి ఉందో, అది ఎప్పుడు పాడుకునే పాటో, ఎందుకు పాడుకునే పాటో తెలిస్తే ఒట్టు. అయినా పట్టు వదల్లేదు. కచేరీ నుంచి రాగానే పక్కనున్న చావి తిప్పి స్ప్రింగు బిగించడం, సూది పెట్టడం, తల ఊపడం. ఎక్కడ ఊపాలో తెలియక మొదటి నుంచి చివరి దాకా ఊపేవాణ్ణి. ఒక రికార్డులో ఒకాయన ఒంటరిగా ఏదో తీగవాద్యం మీటుకుంటూ ముక్కుతో పాడేవాడు. మా అవ్వ అది విని, "ఎవరో బైరాగి వచ్చిండురా, గిన్ని బియ్యం ఏసి పంపు" అంది. ఇంకొకటి ఉత్త పియానో. అది వినగానే, "గచ్చు మీద గోలీలు పారబోసింది ఎవరురా?" అని లోపలి నుంచి కేక వేసింది. బాపు మాత్రం నేను చావి తిప్పిన ప్రతిసారీ గొడ్ల కొట్టం వైపు వెళ్లిపోయేవాడు. మా చెల్లె ఒక్కతే గడప మీద కూర్చుని వినేది. "మంచిగున్నదా?" అని అడిగితే, "ఏమో అన్నా, నువ్వు తల ఊపుతున్నవ్ గదా, మంచిగనే ఉంటది" అనేది.

తెలియనప్పుడు తెలివి పుడుతుందంటారు. నాకూ పుట్టింది. భాష రాకపోతేనేం, నడక వినబడుతుంది గదా అని రికార్డులన్నీ వేరు చేయడానికి కూర్చున్నాను. మా దిక్కు నిండు వయసులో ఎవరైనా పోతే శవం ముందు డప్పులు దంచుతారు, బుక్కగులాలు చల్లుతారు, మగవాళ్లు చెమటలు కారేలా ఎగురుతారు. పెండ్లిలో మాత్రం అంతా నెమ్మది. పిల్ల తల దించుకుని అడుగులో అడుగు వేస్తుంది, సన్నాయి సాగదీస్తూ ఊదుతారు. ఆ లెక్కన, బాకాలు ఒకదాన్ని ఒకటి తరుముకుంటూ, వెనక డోలు ఎగిరి పడుతూ ఉన్న రికార్డులన్నిటికీ పై కాగితం మీద ఉర్దూలో 'చావు' అని రాశాను. నిదానంగా, గంభీరంగా సాగేవాటికి 'పెండ్లి' అని రాశాను. ఎటూ తేలనివాటికి 'మాలూమ్ లేదు' అని రాశాను. (ఈ మూడో దొంతరే అన్నిటికన్నా ఎత్తు.) పెండ్లి దొంతరలో ఒకటి నాకు మరీ నచ్చింది. వింటుంటే బోయీలు బరువైన మేనా మోసుకుంటూ, ఆగి ఆగి అడుగులు వేస్తున్నట్టే ఉండేది. మేనాలో ఉన్నది కొత్త పెండ్లికూతురు కాక మరెవరు?

ఆ వైశాఖంలోనే చెల్లె పెండ్లి కుదిరింది. నకిరేకల్ సంబంధం, ధాన్యం వ్యాపారం చేసే ఇల్లు. పిల్లవాడు నెమ్మదస్థుడు కానీ వాళ్ల పెదబాపు మాత్రం నిలువెత్తు మర్యాద. "మా దిక్కు పెండ్లంటె పట్నం బ్యాండు ఉండాలె" అని ఆయన మాట్లాడుకునే రోజే అన్నాడు. బాపుకు రోషం వచ్చింది. ఇన్నాళ్లూ కొట్టంలోకి పారిపోయిన మనిషి ఛాతీ విరిచి, "పట్నం బ్యాండు ఎవలైన తెస్తరు. మా పిలగాని తాన విలాయతి బ్యాండే ఉన్నది. పిల్లను సాగదోలేటప్పుడు మీరే సూడుండ్రి" అనేశాడు. దాంతో ఇంటి పరువూ చెల్లె మర్యాదా నా చావి మీద పడ్డాయి.

అప్పగింతల వేళ వచ్చింది. పందిట్లో బల్ల మీద గ్రామఫోను పెట్టి, కొత్త సూది వేసి, మేనా రికార్డు అందుకున్నాను. చెల్లె తల వంచుకుని బాపు ముందు నిలబడింది. పక్కన మేనత్త ఆమె చెయ్యి పట్టుకుని ఉంది. సూది పెట్టాను. గొట్టంలోంచి ఆ గంభీరమైన నాదం బయటికి వచ్చింది. సరిగ్గా అప్పుడే మిషన్ దవాఖాన దొర డాక్టరు లోపలికి వచ్చాడు. (బాపు కాలు ఆయనే బాగు చేశాడు, అందుకని పిలిచాం.) పందిరి కింద అడుగు పెట్టి, రెండు క్షణాలు విని, టక్కున టోపీ తీసి గుండెకు ఆనించుకుని, తల వంచి కొయ్యలా నిలబడిపోయాడు. పెదబాపు అది చూశాడు. "దొర టోపీ తీసి నిలబడ్డడు! లేవుండ్రి, లేవుండ్రి!" అని తానూ లేచాడు. పందిట్లో తింటున్నవాళ్లూ తాంబూలాలు వేసుకుంటున్నవాళ్లూ అందరూ లేచి చేతులు కట్టుకున్నారు. చెల్లె ఒక్కసారిగా భోరుమంది. మేనత్త, అవ్వ, ఆఖరికి పెదబాపు కూడా కండ్లు తుడుచుకున్నారు. నేను మాత్రం మధ్యలో పాట ఆగిపోతుందేమోనని చావి తిప్పుతూ, ఇంత గొప్ప అప్పగింతలు జిల్లాలో ఎవరికీ జరగలేదని లోపల పొంగిపోతున్నాను.

బండి కదిలిపోయాక డాక్టరు దగ్గరికి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆయన తెలుగు పుస్తకంలోది. "బాబూ, పెండ్లి మధ్యలో ఎవరు మరణించినారు?" అన్నాడు. ఎవరూ లేరన్నాను. "మరి ఈ గీతమెందుకు? మా దేశమున శవపేటికను మోయునప్పుడు దీనిని వాయించుదురు" అన్నాడు. నా ముఖం చూసి పాపం ధైర్యం చెప్పబోయాడు. "భయపడకుము. ఆ అమ్మాయి కొరకు నేను ప్రార్థించెదను." ప్రార్థన దాకా వచ్చిందంటే సంగతి ఎంత దూరం పోయిందో! మరునాడు సైకిలు మీద 'చావు' దొంతర ఆయన బంగళాకు మోసుకుపోయాను. ఒకటి పెట్టగానే ఆయన పాదం ఆడించాడు. "ఇది నాట్యమునకు" అన్నాడు. కాసేపు ఆలోచించి, "అయితే మా దేశపు దక్షిణ భాగమున ఒక పట్టణములో, సమాధి చేసి ఇండ్లకు మరలునప్పుడును ఇట్టివే వాయించుదురు" అన్నాడు. అంటే నేను రాసింది తప్పా, ఒప్పా? ఇప్పటికీ నాకు తెలియదు.

ఆ తర్వాత రెండు నెలలు నేను పడ్డ యాతన పగవాడికి వద్దు. నా చేతులతో నేనే చెల్లెను శవయాత్ర పాటతో సాగనంపాను. ఎవరికి చెప్పుకోను? పోస్టుమాన్ కనబడితే గోడ చాటుకు తప్పుకునేవాణ్ణి. అక్కడ బావకు జ్వరమని కార్డు వస్తే రెండు రోజులు మంచం దిగలేదు. (బావ లేచి తిరుగుతున్నాడని మళ్లీ కార్డు వచ్చేదాకా అవ్వ నాకు దిష్టి తీస్తూనే ఉంది.) ఆషాఢం వచ్చి, కొత్త కోడలు అత్తగారింట ఉండకూడదని చెల్లె ఇంటికొచ్చింది. బుగ్గలు నిండి, నవ్వుతూ దిగింది. ఇక ఆపుకోలేక ఆ సాయంత్రమే అంతా చెప్పేశాను. కోపం తెచ్చుకుంటుందనుకున్నాను. నోట్లో కొంగు కుక్కుకుని పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఓ అన్నా, నీకు తెల్వది. ఆ దినం నాకు ఏడుపే రాలె. పిలగాడు నచ్చిండు, లోపలంత సంబురమే. ఏడ్వని పిల్లను అత్తోల్లు ఏమంటరోనని మేనత్త ఒకటే గిచ్చుడు. చెయ్యి కమిలింది గని కండ్లల్ల తడి రాలె. అప్పుడు నీ రికార్డు మోగింది. బాపును సూసిన, నిన్ను సూసిన, ఇగ ఆగుతదా ఏడుపు? మా పెద్దమామ, గదే నీ బావ పెదబాపు, ఇప్పటికీ అందరితోని చెప్తడు, 'పుట్టిల్లంటె పానమున్న పిల్ల' అని." తర్వాత కండ్లు తుడుచుకుంటూ అడిగింది, "అందరు ఏడ్చిన్రు గదా, మరి నువ్వు ఏడ్చినవా అన్నా?"

"నాకు చావి తిప్పుడే సరిపాయె" అన్నాను.

శ్రావణం రాగానే బావ వచ్చి తీసుకుపోయాడు. బస్సు దాకా నేనే సంచీ మోశాను. కిటికీలోంచి తల బయట పెట్టి, "అన్నా, బాపుకు కాలు మందు జర యాది చెయ్యి" అంది. బస్సు హైదరాబాదు రోడ్డెక్కి మలుపు తిరిగింది. సన్నాయి లేదు, డప్పు లేదు, గొట్టం లేదు. ఎవరో పక్కన నిలబడి, "ఏమైంది తమ్మీ?" అని అడిగేదాకా నేను ఏడుస్తున్నట్టు నాకే తెలియలేదు. ఈ వయసులో ఆ ఇరవై ఏళ్ల పిల్లవాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, జాలీ వేస్తుంది. పెట్టెడు రికార్డులు ముందేసుకుని ఏది దుఃఖమో ఏది సంతోషమో తేల్చుకోలేక తల పట్టుకున్నవాడు, చెల్లె ఎక్కిన బస్సు కనుమరుగైతే మాత్రం ఎవరినీ అడగకుండానే ఏడ్చాడు.