మువ్వలు కట్టిన సీసా

మా టీచరత్తయ్య పోయిందని మొన్న పొద్దున్నే తిరువూరు నుంచి వాళ్ళబ్బాయి ఫోను చేశాడు. "అమ్మ నిద్రలోనే వెళ్ళిపోయిందక్కా. ఏ బాధా పడలేదు," అన్నాడు. అయ్యో అనాల్సింది పోయి, "గ్యాసు కట్టేసి ఉందా, చూశావా?" అన్నాను. అదే నా నోటి వెంట వచ్చిన మొదటి మాట. ఆ అబ్బాయి తప్పు పట్టలేదు. ఆవిడ చేతి కింద పెరిగిన వాళ్ళకి ఏ కబురు విన్నా ముందు భయం వేస్తుంది, ఏడుపు తర్వాత వస్తుంది. ఫోను పెట్టేసి మా వంటింట్లోకి వెళ్ళి, మా గ్యాసు కూడా ఒకసారి చూసుకుని, అక్కడే కూలబడి ఏడ్చాను.

ఆవిడ మాకు చుట్టం కాదు. డెబ్బైల్లో, ఉప్పెన వచ్చిన ఏడాదికి కాస్త ముందు, తిరువూరులో ఒకే పెంకుటింట్లో రెండు వాటాల్లో ఉండేవాళ్ళం. ఒక వాటాలో అమ్మ, నాన్న, నాయనమ్మ, నేను. రెండో వాటాలో ఆవిడ, ఆవిడ భర్త, చంకలో పిల్లాడు. మిషనరీల బడిలో కుట్టు నేర్పే టీచరు ఆవిడ. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి వెళ్ళేది, మిగతా సాయంత్రాలన్నీ కుట్టుమిషను ముందే. అమ్మ ఆవిడని "టీచరుగారూ" అనేది. నేను "అత్తయ్యగారూ" అనేదాన్ని. రెండు వాటాలకీ మధ్యనున్న గోడ పైకప్పు దాకా లేదు. వాళ్ళు పోపు వేస్తే మేము తుమ్మేవాళ్ళం. ఆ గోడ అంత పొట్టిగా ఉండబట్టే ఇవాళ కూర్చుని ఇది రాయగలుగుతున్నాను.

ఆవిడంత భయస్తురాలిని నేను మళ్ళీ చూడలేదు. సూది కింద పడితే ఎవరి కాల్లో దిగుతుందో అని భయం. పిన్నీసు పిల్లాడు మింగేస్తాడని భయం. కత్తిపీట మీద ఎవరైనా తూలి పడతారని భయం. ప్రతి భయానికీ ఒక వస్తువు తయారయ్యేది. చిక్కు తీసినప్పుడు ఊడిన జుట్టు దాచి, పాత రవికెగుడ్డలో కుక్కి సూదులకు దిండు కుట్టింది. ఖాళీ అగ్గిపెట్టెలు ఒకదాని మీద ఒకటి అంటించి, ముందు గుండీలు కుట్టి, పిన్నీసులకు బుల్లి సొరుగుల బీరువా చేసింది. తలుపు వెనక పాత చీరతో కుట్టిన జేబుల సంచి వేలాడేది, ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్కో జేబు. కత్తిపీటకు గోనెగుడ్డతో ఒర. వీధిలో అందరూ "కత్తిపీటకి చొక్కా కుట్టిన టీచరమ్మ" అని నవ్వేవాళ్ళు.

"రేపు మా పిల్లికి కూడా కుడతారేమోనండీ," అన్నాడు నాన్న ఓసారి.

"నవ్వండి అన్నయ్యగారూ, నవ్వండి. నాకు భయమేస్తే ఊరికే కూర్చోలేను. చేతికేదో పని కావాలి," అంది ఆవిడ. నవ్వుతూనే అంది గానీ, కళ్ళు మా ఇంటి మూలమూలలా వెతుకుతూనే ఉన్నాయి.

ఆ వెతుకులాటలోనే మా అటక మీది సీసా ఆవిడ కంట పడింది. ఆ రోజుల్లో దేనికైనా సీసా ఇంటినుంచే పట్టుకెళ్ళాలి. కిరోసినుకీ, నూనెకీ, కాంపౌండరు ఇచ్చే ఎర్ర మందుకీ అవే సీసాలు. కాంపౌండరు మందు పోసి, కాగితాన్ని పళ్ళు పళ్ళుగా కత్తిరించి సీసా పక్కన అంటించేవాడు. ఒక్కో పన్నూ ఒక్కో మోతాదు. మందు అయిపోయాక ఆ సీసానే కడిగి, దగ్గర్లోని వినగడపలో ఉన్న మా మిరపచేనుకు కావలసిన పురుగుమందు కొంచెం పోయించుకొచ్చేవాడు నాన్న. కాగితం పళ్ళు అలాగే ఉండేవి. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. అప్పుడు మాకెవరికీ ఏమీ అనిపించలేదు.

"చెల్లెమ్మా, అందులో ఏముంది?" అని అడిగింది ఆవిడ.

"చేనుకి కొట్టే మందండీ. మిగిలితే అటకెక్కించాం," అంది అమ్మ.

ఆవిడ మొహంలో నెత్తురుచుక్క లేదు. గబగబా వాళ్ళ వాటాలోకి వెళ్ళిపోయింది. ఆ వారమంతా మిషను ఆగలేదు. రెండు ఇళ్ళలోని సీసాలన్నిటికీ చొక్కాలు వచ్చాయి. నూనె సీసాకి పసుపు గుడ్డ, కిరోసినుకి నల్ల గుడ్డ, జ్వరం మందు సీసాకి పాత దుప్పటి ముక్క. పురుగుమందుకి మాత్రం గోనెగుడ్డ. దాని మెడ చుట్టూ మువ్వలు కుట్టింది. నేను పక్కనే కూర్చుని చూస్తున్నాను. రుమాలు ముడి విప్పి, అందులో ఉన్న చిన్న వెండి కాళ్ళపట్టాల జతలో ఒకదాని మువ్వలు ఒక్కొక్కటే ఊడదీసింది.

"ఎవరివి అత్తయ్యగారూ?" అన్నాను.

"పాతవమ్మా. మా ఇంట్లో పెట్టుకునేవాళ్ళు లేరు," అని దారం పళ్ళతో తెంపింది. తర్వాత సీసా ఆడించి చూపించింది. "ఇదిగో బుజ్జీ, ఈ చప్పుడు గుర్తుపెట్టుకో. ఇది మోగిందంటే ఎవరో దీన్ని ముట్టుకున్నట్టు. ఇది మోగితే నేనెక్కడున్నా వచ్చేస్తా."

"బళ్ళో ఉంటే?"

"బళ్ళోంచి కూడా వచ్చేస్తా."

మిరపకాయ కోతల రోజుల్లో నాకు జ్వరం పట్టుకుంది. ఆ శనివారం అమ్మ కోత కూలీలతో చేనుకి వెళ్ళక తప్పలేదు. నాన్న ఆఫీసుకి వెళ్ళాడు. పొద్దున పాలేరు వస్తే ఇచ్చి పంపుదామని ఆ మువ్వల సీసాని అటక మీంచి దించి, గూట్లో నా మందు పక్కన పెట్టాడట. పాలేరు రాలేదు. ఆ సంగతి నాన్న మరిచిపోయాడు. ఇంట్లో నేనూ నాయనమ్మా మిగిలాం.

నాయనమ్మ రెండు కళ్ళకీ పొరలు. చెవిలో శంఖం ఊదినా వినపడదు. పొద్దస్తమానం పట్టే ముక్కుపొడుంతో ముక్కు ఎప్పుడో చచ్చిపోయింది. అయినా నేనంటే పంచప్రాణాలు. మధ్యాహ్నం నా నుదురు తడిమి చూసి, "కాలిపోతున్నావే తల్లీ, మందు పొయ్యాలి," అనుకుంటూ గూటి దగ్గరికి వెళ్ళింది.

అప్పుడు మువ్వలు మోగాయి.

ముందు కల అనుకున్నాను. చప్పుడు నా మంచం వైపు వస్తోంది. నాయనమ్మ గోడ పట్టుకుని అడుగులో అడుగు వేస్తోంది, అడుగు పడినప్పుడల్లా మువ్వలు ఘల్లుమంటున్నాయి. "నాయనమ్మా, అది కాదు!" అని అరిచాననుకున్నాను గానీ, ఎండిపోయిన గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. లేద్దామంటే ఒళ్ళు నా మాట వినలేదు. నాయనమ్మ మంచం మీద కూర్చుని, నా చిన్నప్పటి ఉగ్గుగిన్నెలో సీసా వంచింది. మువ్వలు గలగలలాడాయి. గుప్పున వాసన కొట్టింది. నేను పళ్ళు బిగించి తల అటు తిప్పేసుకున్నాను.

"చేదా? తాగు తల్లీ, బెల్లంముక్క పెడతాలే," అని, ఆముదం పట్టేటప్పటిలాగే నా ముక్కు రెండు వేళ్ళతో మూసేసింది.

ఎంతసేపు ఊపిరి బిగబట్టగలను? నన్ను ప్రేమించే చెయ్యే నన్ను చంపేస్తోంది, ఆ చేతికి ఆ సంగతి తెలీదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు ఆ క్షణమే కల్లోకి వస్తుంది. ఊపిరాడక నోరు తెరిచేశాను.

"ఎవరది? చెయ్యి తియ్యండి!" గోడ పైనుంచి వచ్చిందా కేక. మిషను ఆగిన చప్పుడు, స్టూలు పడిన చప్పుడు, పెరటి తలుపు భళ్ళున తెరుచుకున్న చప్పుడు. గిన్నె అంచు నా పెదవికి తగిలేసరికి ఆవిడ చెయ్యి వచ్చి దాన్ని ఎగరగొట్టింది. గిన్నె వెళ్ళి గోడకి కొట్టుకుంది. ఆవిడ నా నోట్లో వేలు పెట్టి నాలుక తుడుస్తోంది. సూది గుచ్చుకోకుండా వేలికి పెట్టుకునే ఇత్తడి తొడుగు ఇంకా అలాగే ఉంది. అది పళ్ళకి కటకటా కొట్టుకుంటోంది. "మింగావా? బుజ్జీ, మింగావా? చెప్పవే!" అని నన్ను కుదిపేస్తోంది. లేదని తలూపాను. నమ్మలేదు. నన్ను భుజాన వేసుకుని, కాళ్ళకి చెప్పులైనా లేకుండా ఆసుపత్రికి పరుగెత్తింది. శనివారం ఒంటిపూట బడి కాబట్టి ఆవిడ ఇంట్లో ఉంది. ఇంకో రోజైతే ఏమయ్యేదో ఆలోచించే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు.

ఏమీ కాలేదని డాక్టరుగారు చెప్పాక తిరిగొచ్చేసరికి, నాయనమ్మ అదే మంచం మీద అదే సీసా పట్టుకుని కూర్చుంది. ఏం జరిగిందో ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ముసలి వేళ్ళు గోనెగుడ్డని తడుముతూ మెడ దాకా వెళ్ళి, మువ్వ దగ్గర ఆగిపోయాయి. తర్వాతి మువ్వ మీదికి వెళ్ళాయి. "అమ్మో... అమ్మో నా తల్లో," అని గుండెలు బాదుకుంది.

"అన్ని సీసాలకీ చొక్కాలు తొడిగింది నేనేగా మామ్మగారూ," అంది టీచరత్తయ్య ఆవిడ చెవి దగ్గర అరుస్తూ, ఏడుస్తూ. "అన్నీ గుడ్డలే తగిలితే మీకేం తెలుస్తుంది? నా బుద్ధి గడ్డి తింది!" ఆ సాయంత్రమే కత్తెర పట్టుకుని రెండు ఇళ్ళలోనూ నూనె సీసాల, మందు సీసాల చొక్కాలన్నీ కత్తిరించి పారేసింది. అన్ని రోజుల కుట్టూ అంతే సంగతులు. అప్పట్నుంచి మా ఇళ్ళల్లో గుడ్డ తగిలిందంటే విషమే.

ఆ మువ్వలు ఎవరివో ఆ రాత్రి అమ్మ నాన్నతో అంటుంటే విన్నాను. ఆవిడకి ముందొక ఆడపిల్ల. అప్పుడప్పుడే నడక నేర్చిందట. వేరే ఊళ్ళో ఉండగా, సోడాసీసాలో పోసి పెట్టిన కిరోసిను నీళ్ళనుకుని తాగేసింది. మళ్ళీ లేవలేదట. పొద్దున ఆవిడ దగ్గరికి వెళ్ళి ఒళ్ళో తల పెట్టి పడుకున్నానంతే.

జ్వరం తగ్గింది గానీ నాకు నాయనమ్మ చెయ్యి అంటే భయం పట్టుకుంది. ఆవిడ కలిపి పెట్టిన ముద్ద తినేదాన్ని కాదు. ఎవరూ గమనించలేదు, టీచరత్తయ్య తప్ప. ఒకరోజు అగ్గిపెట్టెలు బోలెడు తెచ్చి మా ఇద్దరి మధ్యా కుమ్మరించింది. "మామ్మగారు జిగురు ఉడికిస్తారు, బుజ్జి అంటిస్తుంది. నాకు బడుంది," అని వెళ్ళిపోయింది. పురుగు పట్టకుండా జిగురులో మైలుతుత్తం వేస్తారందరూ. అది కూడా విషమేనని, దాన్ని గడప దాటనివ్వలేదు. ఉత్త మైదాపిండే. నాయనమ్మ వేలితో జిగురు తీసి అందిస్తుంటే నేను అంటించాను. సొరుగులు తయారయ్యేసరికి నా వేళ్ళూ ఆవిడ వేళ్ళూ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. నాయనమ్మ పకపకా నవ్వింది. ఆ రోజు ఆవిడ చేతి ముద్ద తిన్నాను.

తర్వాత మేము ఆ ఊరు వదిలేశాం. నాకు పెళ్ళైంది, పిల్లలు పుట్టారు. ఎప్పుడు వెళ్ళినా ఆవిడ మొదటి ప్రశ్న ఒకటే. "ఫినాయిలు ఎక్కడ పెడుతున్నావే?" మా ఆయన వెనక నవ్వేవాడు. నాకు మాత్రం ఆ ప్రశ్న వింటే ఎవరో చెయ్యి పట్టుకున్నట్టుండేది. అత్తయ్యగారూ, ఆ మాట మీకు ఒక్కసారైనా చెప్పి ఉండాల్సింది.

మొన్న సమాధుల దొడ్డి నుంచి తిరిగొచ్చాక ఇల్లు కడుగుతున్నారు. వాళ్ళ కోడలు, "వదినగారూ, వెనక వరండాలో పైఅరలో ఫినాయిలుంది, కాస్త అందుకుంటారా?" అంది. చెయ్యి చాపి తీశాను. చేతికి గోనెగుడ్డ తగిలింది. ఘల్లుమంది.

జతలో మిగిలిన రెండో పట్టా మువ్వలు. నల్లబడ్డాయి గానీ చప్పుడు అదే. నేను కదలకుండా నిలబడ్డాను. ఇన్నేళ్ళ అలవాటు, చెవులు వాటంతటవే ఆవిడ గది వైపు తిరిగాయి. ఎవరది, చెయ్యి తియ్యండి అన్న కేక కోసం చూశాను. బకెట్లో నీళ్ళు పోస్తున్న చప్పుడు తప్ప లోపల్నుంచి ఏమీ రాలేదు. సీసాని మళ్ళీ మళ్ళీ ఆడిస్తున్నాను, మువ్వలు మోగుతూనే ఉన్నాయి.